ఎవరి గుమ్మం ముందు కేకెయ్యాలి?

నౌపడలో తెల్లవారింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె బయలుదేరింది.

ఆమె అన్ని వీధుల్లోనూ కేక వేయదు. నీచు తినని వాళ్ళ వీధి వస్తే నోరు మెదపకుండా దాటిపోతుంది. నెత్తళ్ళు అడిగే ఇల్లు ఏదో ఆమెకు తెలుసు. రొయ్యపొట్టు అడిగే ఇల్లు ఏదో తెలుసు. బాకీ పెట్టే ఇల్లు ఏదో ఇంకా బాగా తెలుసు. కార్తీకమాసం వస్తే గంప బరువు తగ్గించుకుంటుంది. ఆ నెలంతా చాలా ఇళ్ళలో చేప ముట్టరు మరి.

ఈ తెలివి ఆమెకు ఏ బడిలోనూ నేర్పలేదు. తిరిగి తిరిగి నేర్చుకుంది. సరుకు ఎవరికి కావాలో వాళ్ళ గుమ్మం ముందే కేక వేయాలి. మిగతా చోట గొంతు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు చాలామంది చేతుల్లో ఫోను ఉంది. ఫోనులోనూ వీధులున్నాయి. గుమ్మాలున్నాయి. అక్కడ కూడా సరుకు అమ్ముతున్నారు. అయితే ఫోను పట్టుకోగానే చాలామంది ఈ గంప తెలివి మరచిపోతారు. కనిపించిన వీధిలో అల్లా కేక వేస్తారు.

నౌపడ చిన్న ఊరే. కానీ రైలు జంక్షను. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో ఇక్కడి నుంచే మొదలైంది. టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్ళేది. తరువాత గుణుపురం దాకా సాగింది. ఇప్పుడు అది పెద్ద లైను అయింది. ఊరి చుట్టూ ఉప్పు మళ్ళున్నాయి. సముద్రపు నీరు మళ్ళలోకి పెడతారు. ఎండకు నీరు ఇగిరిపోయి ఉప్పు తేలుతుంది.

ఈ ఉప్పు సంగతి చూడండి. ఉప్పు లేని వంటిల్లు లేదు. అయినా మడిలోంచి తీసిన ఉప్పును తినడానికని ఇంటింటికీ అమ్మకూడదు. తినే ఉప్పులో అయొడిన్ కలిపి ఉండాలని చట్టం. కనుక ముడి ఉప్పు కొనేవాళ్ళు వేరు. చేపలు ఎండబెట్టేవాళ్ళు కొంటారు. తోళ్ళు ఊరవేసేవాళ్ళు కొంటారు. రసాయనాల ఫ్యాక్టరీల వాళ్ళు కొంటారు. అందరూ తినే సరుకే అయినా అందరూ కొనుగోలుదారులు కారు.

నాలుగు వందల మంది చూశారు

నౌపడ దగ్గర ఒక పొదుపు సంఘం ఉందనుకోండి. అందులో పదిమంది ఆడవాళ్ళు. కొందరు పలాస జీడి ఫ్యాక్టరీలలో పని చేసినవాళ్ళే. జీడిపిక్క కొట్టడం, పప్పు మీది పొర తీయడం, ఏరడం అన్నీ వాళ్ళకు వచ్చు. జీడి పిక్కలోని రసం తగిలితే చెయ్యి కాలుతుంది, నల్లబడుతుంది. ఆ మచ్చలు ఇంకా వాళ్ళ వేళ్ళ మీద ఉన్నాయి. ఇన్నాళ్ళూ పప్పు తీసింది వీళ్ళు, అమ్ముకున్నది వేరేవాళ్ళు. ఈసారి తామే అమ్ముదామనుకున్నారు.

సంఘంలో 30 వేల రూపాయలు అప్పు తీసుకున్నారు. కిలో 700 చొప్పున 40 కిలోల పప్పు కొన్నారు. 28 వేలు అయింది. మిగతా 2 వేలతో సంచులు, అంటించే చీటీలు, చిన్న కాటా కొన్నారు.

వాళ్ళలో ఒక చిన్నావిడకు ఫోను బాగా వచ్చు. ఆమె పొట్లాల ఫొటో తీసింది. తనకున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టింది. బడి గ్రూపు, గుడి గ్రూపు, సంఘాల గ్రూపు, చుట్టాల గ్రూపు. ఒకే రోజు మూడుసార్లు పెట్టింది. బడి గ్రూపులో మాస్టారు కోప్పడ్డారు కూడా.

వారం గడిచింది. లెక్క చూసే పెద్దావిడ దగ్గరకు చిన్నావిడ దిగాలుగా వచ్చింది.

"ఒదినా, నాలుగొందల మంది చూసినారు. ఒక్కలూ అడగనేదు."

"ఆలంతా ఏ ఊరోలే?"

"మన సుట్టుపక్కలోలే. పూండి, టెక్కలి, కాశీబుగ్గ."

"ఒలమ్మ! ఆలింటి ఎనకే జీడితోట. కాశీబుగ్గలో అడుగుకో జీడిపప్పు కొట్టు. మన దగ్గరెందుకు కొంతారే?"

పెద్దావిడ అన్నది నిజం. చూసినవాళ్ళు నాలుగు వందల మంది. కావలసినవాళ్ళు ఒక్కరూ లేరు. వాన రోజులు దగ్గరపడుతున్నాయి. సముద్రపు గాలికి పప్పు మెత్తబడుతుంది. ముక్కిపోతే దాన్ని ఎవరూ కొనరు. వాయిదా మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి. ఆ అప్పుకు పదిమందీ పూచీ.

పెద్దావిడ నోటుబుక్కు తీసింది. రాయడం ఆమెకు కొత్తగానే వచ్చింది. పేజీకి నిలువుగా రెండు గీతలు గీసింది. మూడు వరుసలు వచ్చాయి. ఎవరికి కావాలి? వాళ్ళు ఎక్కడున్నారు? ఎందుకు కొంటారు? మూడు వరుసల మీదా ఈ మూడు ప్రశ్నలు రాసింది.

"మన ఊరొగ్గేసి ఎల్లినోలు ఎంతమందున్నారో సెప్పు," అంది.

అక్కడి నుంచి పేజీ నిండడం మొదలైంది. ఉద్దానం నుంచి పనికోసం వెళ్ళినవాళ్ళు లేని నగరం లేదు. విశాఖలో ఉన్నారు. హైదరాబాదులో ఉన్నారు. చెన్నైలో ఉన్నారు. గల్ఫ్‌లో ఉన్నారు. చేపలవేటకు గుజరాత్ రేవులకు పోయినవాళ్ళున్నారు. వీళ్ళకు పలాస పప్పు రుచి తెలుసు. పండక్కి ఊరు వస్తే మూట కట్టుకుపోతారు. రాలేని ఏడాది వెలితిగా ఉంటుంది.

రెండో రకం వాళ్ళు మిఠాయి చేసేవాళ్ళు, వంటల కంట్రాక్టు తీసుకునేవాళ్ళు. వీళ్ళకు ఊరి మీద బెంగ లేదు. సరుకు ఒకే తీరుగా రావాలి, ధర కలిసిరావాలి. వీళ్ళకు బద్ద, ముక్క చాలు. పాయసంలోనూ కేకులోనూ ముక్క వేసినా పప్పు వేసినా రుచి ఒకటే.

మూడో రకం పండుగలకు, పెళ్ళిళ్ళకు కానుకగా ఇచ్చేవాళ్ళు. వీళ్ళకు పూర్తి పప్పు కావాలి. పెద్దది కావాలి. పెట్టె మీద డబ్ల్యూ 240 అని ఉంటుంది చూడండి. ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, దాదాపు 240 పప్పులు తూగుతాయని దాని అర్థం. డబ్ల్యూ 320 అంటే 320 పప్పులు తూగుతాయి. అంకె పెరిగితే పప్పు చిన్నదవుతుంది. అంకె పెద్దదైతే సరుకు మేలని మోసపోయేవాళ్ళున్నారు.

ఒకే సంచి పప్పుకు మూడు రకాల మనుషులు దొరికారు. ముగ్గురికీ ఒకే కబురు పంపితే పని జరగదు. ఊరి మీద బెంగ ఉన్నవాడికి ఊరి పేరు చెప్పాలి. మిఠాయి కొట్టుకు ధర చెప్పాలి. కానుక ఇచ్చేవాళ్ళకు పప్పు పరిమాణం చూపించాలి.

గ్రూపు వేరు, జాబితా వేరు

వాట్సాప్‌లో వ్యాపారం కోసం వేరే యాప్ ఉంది. దాని పేరు వాట్సాప్ బిజినెస్. 2018లో వచ్చింది. పెట్టుకోవడానికి డబ్బు ఇవ్వక్కర లేదు. అందులో సరుకుల ఫొటోలు, ధరలు కొట్లో అలమర సర్దినట్టు సర్దుకోవచ్చు. కొన్నవాళ్ళకు ఒక గుర్తు, అడిగి ఊరుకున్నవాళ్ళకు ఒక గుర్తు పెట్టుకోవచ్చు.

చాలామంది వెంటనే గ్రూపు కట్టేస్తారు. గ్రూపులో ఉన్న ప్రతివారికీ మిగతావాళ్ళ నెంబర్లు కనిపిస్తాయి. అందులో ఆడవాళ్ళ నెంబర్లూ ఉంటాయి. ఎవడో ఒకడు రాత్రి పదింటికి ఫోను చేస్తాడు. ఆవిడ ఇక ఆ పొట్లం ముఖం చూడదు. అందుకని గ్రూపు కన్నా జాబితా మేలు. దాన్ని బ్రాడ్‌కాస్ట్ లిస్టు అంటారు. ఒక జాబితాలో 256 మంది దాకా పెట్టవచ్చు. కబురు ఒకేసారి పంపినా ఎవరిది వారికి విడిగా చేరుతుంది. ఒకరి నెంబరు ఒకరికి తెలియదు.

ఇందులో ఒక మెలిక ఉంది. అమ్మే ఆవిడ నెంబరును అవతలివాళ్ళు తమ ఫోనులో పేరుతో దాచుకుని ఉండాలి. దాచుకోకపోతే జాబితా కబురు వాళ్ళకు చేరదు. కాబట్టి ముందే అడగాలి. "కొత్త పప్పు వచ్చినప్పుడు చెప్పమంటారా? అయితే ఈ నెంబరు దాచుకోండి" అనాలి. సరే అన్నవాళ్ళనే జాబితాలో చేర్చాలి. వద్దన్నవాళ్ళకు పంపితే వాళ్ళు నెంబరును ఆపేస్తారు. అలా ఎక్కువమంది ఆపేస్తే వాట్సాప్ వాళ్ళే నెంబరు మూసేయవచ్చు. అప్పుడు పాత ఖాతాదారులు కూడా పోతారు.

ఆ చిన్నావిడ చుట్టాలకు ఒక్కొక్కరికే ఫోను చేసింది. "మీ వీధిలో మన ఊరివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. పదిరోజుల్లో 35 పేర్లు వచ్చాయి. నాలుగు వందల కన్నా 35 చిన్న అంకె. కానీ ఈ 35 మందిలో ఐదుగురు పప్పు అడిగారు.

డబ్బు పెట్టి కేక వేయడం

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం సంగతి కొంచెం వేరు. ఇవి చూడటానికి ఎవరూ డబ్బు అడగరు. మరి ఆ కంపెనీకి ఆదాయం ఎక్కడిది? ప్రకటనల మీద వస్తుంది. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ బొమ్మ దగ్గర ఆగారు, దేన్ని నొక్కారు అన్నది ఆ యంత్రాలు గమనిస్తూ ఉంటాయి. వంటల వీడియోలు చూసే ఆవిడకు మూకుళ్ళ ప్రకటన వస్తుంది. ఆ గమనికనే ప్రకటన ఇచ్చేవాళ్ళకు అమ్ముకుంటారు. ఇది బాగుందా అంటే అంత బాగోలేదు. తన ఇంట్లోకి ఎవరో తొంగి చూస్తున్నట్టే ఉంటుంది. కానీ అమ్ముకునేవాళ్ళు దీని పని తీరు తెలుసుకోకపోతే డబ్బు నష్టపోతారు.

ప్రకటన ఇచ్చేటప్పుడు ఫోను కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఏ ఊరివాళ్ళకు చూపించాలి? ఎంత వయసువాళ్ళకు? దేని మీద ఇష్టం ఉన్నవాళ్ళకు? రోజుకు ఎంత ఖర్చు? ఎన్ని రోజులు? చాలామంది ఈ ప్రశ్నలు చదవరు. సరే, సరే అని నొక్కేస్తారు. చదువు అక్కరకు వచ్చేది సరిగ్గా ఇక్కడే. ఊరు మార్చకుండా నొక్కితే ప్రకటన మళ్ళీ టెక్కలి, పలాస చుట్టూనే తిరగవచ్చు. చివరి తేదీ పెట్టకపోతే ప్రకటన ఆగదు, డబ్బు కారిపోతూనే ఉంటుంది. చెప్పిన ఖర్చు మీద పన్ను అదనంగా పడవచ్చు. అది కూడా చూసుకోవాలి.

సంఘం 300 రూపాయలు పెట్టిందనుకోండి. హైదరాబాదులో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే పేట ఒకటి ఎంచుకున్నారు. మూడు రోజులకే కట్టారు. నలుగురు ఒక్కో కిలో కొన్నారు. లెక్క ఇలా వచ్చింది.

అమ్మిన ధర కిలో 900. పప్పు కొన్నది 700. సంచి, చీటీ 20. పార్శిలు 90. మిగిలింది 90. నాలుగు కిలోలకు 360. అందులో ప్రకటన ఖర్చు 300 పోయింది. చేతికి వచ్చింది 60 రూపాయలు.

"ఇంతేనా!" అంది చిన్నావిడ. పెద్దావిడ మాత్రం నలుగురి నెంబర్లూ నోటుబుక్కులో రాసుకుంది. నెల తరువాత ఆ నలుగురిలో ముగ్గురు మళ్ళీ అడిగారు. ఈసారి ప్రకటన ఖర్చు లేదు. 270 రూపాయలు చేతికి వచ్చాయి. ప్రకటనతో వచ్చే లాభం మొదటి అమ్మకంలో కనిపించదు. రెండోసారి, మూడోసారి అడిగేవాళ్ళలో కనిపిస్తుంది. అలా అడగాలంటే మొదటి పొట్లం మంచిదై ఉండాలి. చెమ్మ తగిలిన పప్పు పంపి వంద ప్రకటనలు వేసినా ఏం లాభం?

లైకులను నమ్ముకోవడం ఇంకో పొరపాటు. ఫొటో కింద ఎర్ర గుండెలు వస్తాయి. అవి చూసి సంతోషం కలుగుతుంది. వాటిని బ్యాంకులో వేయలేరు.

తెనాలి దగ్గర గుడివాడ గ్రామంలో కర్రె మస్తానమ్మ అనే అవ్వ ఉండేది. ఆరుబయట పొయ్యి మీద ఆమె వండే వంటలను 2016 నుంచి యూట్యూబ్‌లో పెట్టారు. పుచ్చకాయలో కోడికూర వండితే దేశదేశాలవాళ్ళు చూశారు. వంద ఏళ్ళు దాటిన అవ్వ ఆమె. 2018 డిసెంబరులో కన్నుమూసింది. ఆమె వంట చూడటమే జనానికి కావాలి. అక్కడ ఎంతమంది చూస్తే అంత మంచిది. పప్పు అమ్మే సంఘానికి ఆ లెక్క పనికిరాదు. లక్షమంది చూడక్కర లేదు. నెలకు 40 కిలోలు కొనే మనుషులు దొరికితే చాలు.

ఏం రాయాలి, ఏం రాయకూడదు

పప్పు ఫొటో పొద్దుటి వెలుగులో తీస్తే బాగుంటుంది. పక్కన కాటా ఉంటే తూకం కనిపిస్తుంది. పప్పు ఏరుతున్న చెయ్యి కనిపిస్తే ఇంకా మంచిది. ఆడవాళ్ళ ముఖాలు పెట్టాలని ఏమీ లేదు. పెట్టాలా వద్దా అన్నది ఆ ముఖం ఉన్నావిడ ఇష్టం. భర్త ఇష్టమూ కాదు, ఫోను ఉన్నావిడ ఇష్టమూ కాదు.

మాటలు తక్కువగా ఉండాలి. "పలాస జీడిపప్పు. పూర్తి పప్పు, డబ్ల్యూ 320. ఈ నెలలో కొట్టినది. కిలో 900, పార్శిలు ఖర్చు కలిపి." ఇంత చాలు. ధర రాయకుండా "మెసేజ్ చేయండి" అంటే సగం మంది అడగరు. తినే సరుకు అమ్మేవాళ్ళు ఆహార భద్రత శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి. అప్పుడు 14 అంకెల నెంబరు ఇస్తారు. దాన్ని పొట్లం మీద వేస్తే ముఖం తెలియని కొనుగోలుదారుకు నమ్మకం కుదురుతుంది.

ఊరి పేరు దగ్గర ఒక చిక్కు ఉంది. ఉద్దానం అనగానే దూరపువాళ్ళలో కొందరికి మూత్రపిండాల జబ్బే గుర్తుకొస్తుంది. ఆ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. జీడిపప్పు తిన్నందువల్ల వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. అయినా ఎవరైనా అడిగితే ఊరు దాచకూడదు. పప్పు ఎక్కడిదో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఊరి పేరు ఒకసారి దాచి దొరికిపోతే ఆ తరువాత తూకం చెప్పినా నమ్మరు.

సరుకు లేనప్పుడూ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. జీడిమొక్క నాటిన మర్నాడే కాయదు. కాపు రావడానికి ఏళ్ళు పడుతుంది. అటువంటి ఏడాది వేరే చోటి పప్పు తెచ్చి పలాస పప్పని అమ్మితే చిన్నప్పటి నుంచి ఆ పప్పు తిన్నవాళ్ళు పసికట్టేస్తారు. "ఈ ఏడు పంట లేదు, పది కిలోలే ఉంది" అని జాబితాకు కబురు పెట్టడమే మేలు.

సైనికాధికారి ఫోను

ఫోనులో కొనేవాళ్ళతో పాటు దొంగలూ ఉన్నారు. ఒక మోసం చాలా చోట్ల జరిగింది. ఎవరో ఫోను చేస్తాడు. తాను సైన్యంలో అధికారినంటాడు. పది కిలోలు కావాలంటాడు. బేరం ఆడడు. డబ్బు ముందే పంపిస్తానంటాడు. అక్కడే అనుమానం రావాలి. తరువాత ఒక గళ్ళ బొమ్మ పంపుతాడు. "దీన్ని స్కాన్ చేసి పిన్ నొక్కండి, డబ్బు మీకు వచ్చేస్తుంది" అంటాడు. నొక్కితే డబ్బు రాదు, పోతుంది.

ఒక్క సంగతి గుర్తుంటే చాలు. డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర లేదు. ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకువాళ్ళమని చెప్పినా సరే. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. సంఘం డబ్బు వచ్చే ఖాతా సంఘం పేరునే ఉండాలి. ఒకరి కొడుకు ఫోనులోకి డబ్బు వస్తే, దొంగ లేకపోయినా సంఘంలో తగువు వస్తుంది.

ఆ పెద్దావిడ నోటుబుక్కులో ఇప్పుడు నాలుగు పేజీలు నిండాయి. హైదరాబాదు ఒక పేజీ. విశాఖ ఒక పేజీ. మిఠాయి కొట్లు ఒక పేజీ. నాలుగో పేజీలో దసరా, దీపావళి, సంక్రాంతి తేదీలు రాసింది. ఒక్కో తేదీకి మూడు వారాల ముందు తేదీ పక్కనే వేసింది. కబురు పంపాల్సింది ఆ రోజే. పార్శిలు వెళ్ళడానికి రోజులు పడతాయి, పండుగ ఆగదు.

40 కిలోలలో 22 కిలోలు అమ్ముడయ్యాయి. 18 మిగిలాయి. మొదటి వాయిదా కట్టారు. చిన్నావిడ మిఠాయి కొట్ల పేజీ తీసి, ఫోను అందుకుంది.

"ఒదినా, ముక్క ధర ఎంత సెప్పమంతావు?"